వెనక గది తాళం

నెట్ రాకపోతే బాగుండును. ఈ పూటకి, పోనీ ఈ రోజుకి, రాకపోతే బాగుండును. పుంగనూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో, గోడవారగా వేసిన ఇనప బెంచీ మీద, ఒళ్లో సంచీ పెట్టుకుని, సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్న స్వర్ణలత ఇదొక్కటే కోరుకుంటోంది. బయట రోడ్డు తవ్వుతున్న జేసీబీ ఏదో కేబులు తెంపేసిందట. లోపల కంప్యూటర్లు వెలుగుతున్నాయి గానీ పని మాత్రం నడవడం లేదు. జనం తలో మూలా చేరి విసుక్కుంటున్నారు, ఆ విసుగంతా చల్లగా తగులుతోంది ఆమెకు. తెల్లారగట్ల తలస్నానం చేసి, పెట్టె అడుగునున్న పట్టుచీర కట్టుకుని, ఇన్నేళ్లకు సొంత ఇంటిదాన్ని కాబోతున్నానని మదనపల్లెలో బస్సెక్కిన మనిషి, తీరా ఇక్కడికొచ్చి ఆ పని జరగకూడదని కోరుకోవడమేమిటి? ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. ఉంది. ఉంది గానీ అది పైకి చెప్పే జవాబు కాదు. సంచీలోని సుత్తి తొడకు ఒత్తుకుంటోంది, జరుపుదామంటే ఎటు జరిపినా మళ్లీ అక్కడికే వస్తోంది.

సుత్తి ఆమే కొన్నది. అడ్వాన్సు ఇచ్చిన నాటి సాయంత్రం, ఇనప సామాన్ల అంగట్లో, చిన్నది చాలని అంగడివాడు చెబుతున్నా వినకుండా పెద్దది తీసుకుంది. దాంతోపాటు నాలుగు ఉక్కు మేకులు. పెళ్లయినప్పటి నుంచి అద్దె ఇళ్లే, అద్దె ఇల్లన్నాక గోడకు మేకు కొట్టకూడదు. క్యాలెండరు కిటికీ చువ్వకు, అద్దం వంటింటి గూట్లో, పెళ్లి ఫొటో బియ్యం డ్రమ్ము వెనకాల. ఒకే ఒక్కసారి, నీరుగట్టువారిపల్లెలో ఉండగా, అమ్మ పోయిన కొత్తలో, అమ్మ ఫొటో తగిలిద్దామని పొత్రం రాయితో ఒక మేకు కొట్టబోయింది. రెండో దెబ్బకే కింద నుంచి ఇంటి ఓనరు రెడ్డెమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఎవురమ్మా గోడలు పగలగొడతాండేది? మీ ఇల్లనుకుంటిరా?" అంది. అంతే. గట్టిగా అరవను కూడా లేదు. స్వర్ణలత ఆ మేకు పీకేసి, గుంతలో పళ్ల పేస్టు నింపి వేలితో నున్నగా రుద్ది, ఫొటో తీసుకెళ్లి బీరువాలో చీరల కింద పెట్టింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇవాళ ఆ ఫొటో ఈ సంచీలోనే ఉంది, పాత తువ్వాలులో చుట్టి, సుత్తి పక్కన. రిజిస్ట్రేషన్ కాగానే నేరుగా పోయి, పాలు పొంగించే ముహూర్తం సంగతి తర్వాత, ముందు గదిలో మేకు కొట్టి అమ్మను గోడ మీద నిలబెట్టాలనుకుంది. "ఎవరన్నా రిజిస్ట్రేషన్‌కు సుత్తి ఎత్తుకుపోతారా?" అని పొద్దున మొగుడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు. అమ్మ ఆ గోడ మీద నుంచి ఏం చూడాల్సి వస్తుందో అప్పటికి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచన ఆగడం లేదు.

"మజ్జిగా, మజ్జిగ" అంటూ ఒకతను బుట్టతో వరండాలోకి వచ్చాడు. మొగుడు లోకేష్ రెండు ప్యాకెట్లు కొని ఒకటి ఆమె ముందుకు చాపాడు. "తాగు. ఎండ ముదురుతాండాది."

"వద్దు."

"యాల? పొద్దున్నించి ఏమీ తాగలేదు గదా."

ఆమె తల అడ్డంగా ఊపింది. లోకేష్ రెండూ తనే తాగేసి, ప్యాకెట్ల మూలలు పీల్చి మరీ ఖాళీ చేసి, మళ్లీ ఫోన్లో పడ్డాడు. మంచివాడే. మదనపల్లె యార్డులో టమోటా మండీ పెట్టుకుని, రేటు పెరిగిన నాడు పొంగిపోయి, పడిన నాడు ముసుగుదన్ని పడుకుని, మళ్లీ తెల్లారేసరికి లేచి పరుగెత్తే మనిషి. తాగుడు లేదు, చెయ్యెత్తడం లేదు. ఇప్పుడు ఫోన్లో మాట్లాడుతున్నది కూడా దుర్మార్గమేమీ కాదు. "రేపు పొద్దున్నే బండి పంపప్పా. వెనకాల ఒక రూముండాది, అది పడేస్తే ట్రేల ఆటో లోపలికొస్తాది. చిన్న రూమే, అరగంట పని." జేసీబీవాడితో మాట్లాడుతున్నాడు. అరగంట పని. బయట రోడ్డు మీద ఆ జాతి యంత్రమే ఇంకొకటి నేలను గోకుతున్న చప్పుడు బెంచీ కాళ్లలోంచి ఆమె కాళ్లలోకి వస్తోంది. వరండా ఆ చివర ఇల్లు అమ్మే హమీద్ కూర్చుని ఉన్నాడు. కుప్పంలో ప్లాస్టిక్ సామాన్ల అంగడి అతనిది. తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగలేదు, మనిషి మాత్రం నలిగి ఉన్నాడు. ఎవరు గేటు తోసినా తలెత్తి చూస్తున్నాడు. చిత్రమేమంటే స్వర్ణలతా అంతే. గేటు చప్పుడైతే చాలు ఇద్దరి తలలూ ఒకేసారి లేస్తున్నాయి. ఒకసారి చూపులు కలిశాయి. వెంటనే అతను ఫోను చూసుకున్నాడు, ఆమె చేతి గాజులు చూసుకుంది. తను ఎవరు వస్తారని భయపడుతోందో అతనూ ఆ మనిషి వస్తుందనే భయపడుతున్నాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి అతనికి తెలియదు. మొగుడికీ తెలియదు. లోకం మొత్తంలో అది ఆమె ఒక్కదాని నాలుక వెనకాల ఉంది.

చెప్పి ఉండాల్సిన రోజొకటి ఉండింది. మదనపల్లెలో లాయరు మునిశేఖర్ ఆఫీసు, పైన ఫ్యాను తిరుగుతూ కాగితాలన్నీ రెపరెపలాడుతుంటే ఆయన ఒక్కొక్కదాని మీదా ఒక్కొక్క రాయి పెడుతూ అడుగుతున్నాడు. లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, ఉన్నాయి. ఇంటి పన్ను కట్టారా, కట్టారు. బ్యాంకు లోను ఏమైనా, లేదు. వాళ్ల నాయన అబ్దుల్ జబ్బార్ పోయాడు కాబట్టి వారసులెవరు, కొడుకు హమీద్, కూతురు ఇరమ్, ఇద్దరూ సంతకం పెడతారు. ఆ ఇంటి మీద ఎప్పుడెప్పుడు ఏ రిజిస్ట్రేషన్ జరిగిందో చెప్పే ఈసీ కాగితం కూడా కడిగిన పళ్లెంలా ఉంది. పేపర్లో ప్రకటన వేస్తే అభ్యంతరమంటూ ఒక్కరూ రాలేదు. లోకేష్ ముఖం వెలిగిపోతోంది. అప్పుడు లాయరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇంగొకటి అడగల్ల," అన్నాడు. "ముస్లింలలో నోటి మాటతోనే ఆస్తి ఇచ్చేయొచ్చప్పా. హిబా అంటారు. ఇస్తాండానని ఒకరు చెప్పల్ల, తీసుకుంటాండానని ఇంగొకరు చెప్పల్ల, ఆడికాడే చేతికి అప్పజెప్పల్ల. ఈ మూడూ జరిగుంటే కాయితం ముక్క లేకపోయినా చెల్లుతాది. అది ఈసీలో రాదు. అందుకని అడుగుతాండా. ఇంట్లో ఎవరన్నా ఉండారా? ఒక రూములో అయినా సరే?"

"ఎవరూ లేరు సార్," అన్నాడు లోకేష్. "ఖాళీ ఇల్లు. మేమే పోయి సూసినాము గదా."

మేమే. ఆ 'మే'లో ఆమె కూడా ఉంది. లాయరు ఆమె వైపు తిరిగి, "ఏమ్మా?" అన్నాడు. "ఎవరన్నా కాపురముంటే కొనేటోళ్లు అడిగి తెలుసుకోవల్ల. తెలిసీ కొంటే రేపు కోర్టులో మాకు తెలీదు అనేదానికి కుదరదు." స్వర్ణలత ఆయన బల్ల మీది గాజు పేపరు వెయిటులో చిక్కుకున్న బుడగలను చూస్తూ ఉండిపోయింది. తల ఊపిందా, ఊపలేదా, ఆమెకే గుర్తు లేదు. ఊపినట్టే అనుకుని ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. 'ఉండాది సార్, వెనక రూములో ఒక ముసలామె ఉండాది.' అంతే మాట. అంటే బేరం ఆగిపోయేది. అడ్వాన్సు హమీద్ దగ్గర ఇరుక్కునేది. ఇప్పుడున్న ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమని చెప్పి పెట్టాడు. మళ్లీ టెంపో, మళ్లీ బియ్యం డ్రమ్ము వెనకాల పెళ్లి ఫొటో, మళ్లీ ఎవరో రెడ్డెమ్మ. వద్దు తల్లీ, వద్దనుకుంది. పేపరు వెయిటులో బుడగలు కదలవు. కదులుతాయేమోనని అంతసేపు చూసింది.

మొదటిసారి అందరూ కలిసి ఇల్లు చూడ్డానికి పోయినప్పుడే ఆమె కళ్లు ఊరుకోలేదు. ముందు రెండు గదులు, మధ్యలో వంటిల్లు, వెనక చిన్న పెరడు, జామచెట్టు, చెట్టు కింద విడిగా ఒక గది, దానికి సందులోకి వేరే వాకిలి. హమీద్ అన్నీ తెరిచి చూపించి, ఆ గది దగ్గరికొచ్చేసరికి, "స్టోర్ రూము మేడమ్, అంతా పాత సామాను. బీగంచెవి కుప్పంలో మర్చిపోయొచ్చినా," అన్నాడు. లోకేష్ అప్పటికే ఆటో ఎటు తిరుగుతుందో అడుగులతో కొలుస్తున్నాడు. స్వర్ణలత తాళం చూసింది. పాత ఇత్తడి తాళం, ఒళ్లంతా నల్లబడింది గానీ చెవి దూరే చోట మాత్రం మెరుస్తోంది. రోజూ తిరిగే తాళానికే ఆ మెరుపు ఉంటుంది. గడప పక్కన చీపురు, ఇంకా తడి ఆరలేదు. జామచెట్టుకు కట్టిన తీగ మీద బట్టలు లేవు గానీ క్లిప్పు ఒకటి ఉంది. ఇంటి పని చేసుకునే ఏ ఆడదాని కళ్లకైనా ఇది చాలు. ఆమె వెంటనే తల తిప్పుకుని వంటింట్లో అటక ఎక్కడ కట్టించాలో చూడ్డానికి పోయింది. చూడకపోతే లేనట్టే అనుకుంది. మనసు ఎంత కిలాడీదంటే, ఆ వంటింట్లో నిలబడి ఉన్నంతసేపూ నిజంగానే చూడనట్టు ఉండగలిగింది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేక, లాయరు దగ్గరికి పోకముందే, ఒకరోజు ఒక్కతే బస్సెక్కి, కొలతల టేపు పట్టుకుని పుంగనూరు పోయింది. ముందు తలుపుకు తాళం ఉంటుందని తెలుసు. కిటికీలోంచి గోడైనా చూసి రావచ్చు, అమ్మ ఫొటో ఎక్కడ పెట్టాలో లెక్క చూసుకోవచ్చు అనుకుంది. అబద్ధం. ఆ మెరిసే తాళమే పిలిచింది. సందులోకి తిరిగేసరికి ఆ గది తలుపు బార్లా తెరిచి ఉంది, గడప మీద ఒకామె కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. అరవై దాటి ఉంటాయి, ఒక కంటికి ఆపరేషన్ అయినట్టుంది, నల్ల అద్దాలు పెట్టుకుంది. "ఎవరు బేటీ?" అంది. తర్వాత తనే, "ముందరిల్లు కొంటాండేది మీరేనా? హమీద్ చెప్పినాడు. కండ్లాస్పత్రిలో ఉంటిని, మీరొచ్చినప్పుడు లేను. రా, లోపలికి రా." ఆమె మరియం, అబ్దుల్ జబ్బార్ చెల్లెలు, హమీద్‌కు మేనత్త. లోపల ఒక మంచం, కుట్టు మిషను, తీగ నిండా వేలాడే ఊరందరి చీరలు. పాత సామాను అన్నది ఇదన్నమాట. స్టవ్ మీద చాయ్ పెట్టింది. వద్దనలేదు స్వర్ణలత. ఎందుకు వద్దనలేదు? ఎందుకు ఆ మంచం మీద కూర్చుంది? 'మీరొస్తాండారంటే నాకు పానం లేసొచ్చిందమ్మా. మనిషి అలికిడి లేక చెవులు మూసుకుపోయినట్టు ఉండాది,' అంటోంది మరియం. 'ముందరిల్లు అమ్మేస్తాండా ఫుప్పూ, నీ రూము జోలికి ఎవరూ రారు అన్నాడు మా హమీద్. మంచోడు.'

అడగకపోయినా చెప్పింది. మొగుడు పోయి, అత్తవారు పొమ్మంటే రామసముద్రం నుంచి ఒక మూట పట్టుకుని వచ్చినప్పటి సంగతి. ఆ శుక్రవారం నమాజు కాగానే అన్న సందులోని పెద్దమనుషులు నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. 'ఈ గది, ఈ జామచెట్టు, ఈ వాకిలి మరియంకు ఇచ్చినా,' అన్నాడు. 'కబూల్, తీసుకున్నా,' అంది ఈమె, ఏడుస్తూనే. అన్న లోపలున్న తన సామానంతా బయటికి తెప్పించి, తలుపు మూసి, ఈ ఇత్తడి తాళం వేసి, చెవి తీసి ఈమె చేతిలో పెట్టాడు. పెట్టి అక్కడి నుంచి కదల్లేదట. బయట, ఎండలో, ఆ నలుగురితో పాటు నిలబడ్డాడు. 'ఇంగ ఇది నీ ఇల్లు. నువ్వు తెరువు. నువ్వు పిలిస్తే వస్తా, లేకుంటే పోతా,' అన్నాడట. ఈమె తాళం తీసి, లోపలికి పోయి, వెనక్కి తిరిగి, 'రా భాయిజాన్, చాయ్ తాగుదువు రా,' అని పిలిచింది. అప్పుడొచ్చాడు, చుట్టం వచ్చినట్టు, చెప్పులు బయట విడిచి. చచ్చిపోయేదాకా ఈమె పిలవకుండా ఆ గడప తొక్కలేదు. 'మా భాయి కాయితాలు రాసే మనిషి గాదు బేటీ. నలుగురి ముందర చేతికిచ్చినాడు, సాలదా?' అంది మరియం, కొంగు చివర కట్టుకున్న చెవిని అలవాటుగా తడుముకుంటూ. ఆ నలుగురిలో ఇప్పుడు ఒక్కరే ఉన్నారట, మంచం పట్టి. స్వర్ణలత గ్లాసు కింద పెట్టింది. 'అమ్మా, వాళ్లు అమ్ముతాండేది మొత్తం,' అనాలి. అంటే ఈమె మసీదు పెద్దల దగ్గరికి పోతుంది, రేపటికి లాయరు బల్ల మీదికి అభ్యంతరం వస్తుంది. అనలేదు. 'మంచి చాయ్ అమ్మా,' అంది. గ్లాసు తీసుకుపోయి కుళాయి కింద కడిగి బోర్లించి వచ్చింది. కడగొద్దని ఆమె అంటున్నా వినలేదు. గ్లాసు బోర్లిస్తుంటే చెయ్యి ఎందుకో ఆగింది. ఎక్కడో చూసినట్టు, ఎప్పుడో ఎవరో ఇలాగే చేసినట్టు అనిపించింది. బస్సులో సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది.

గుడుపల్లె దగ్గర తాత చేను. అమ్మ పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఇచ్చాడు తాత, అందరి ముందర, ఆ చేలోని మట్టిబెడ్డ తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టి. కాగితం ఎవరికి కావాలి, ఇచ్చింది కన్నతండ్రి, తీసుకుంది కన్నకూతురు. అమ్మ ఆ చేలో రాగులు, వేరుశనగ పండించి ముగ్గురు పిల్లల్ని సాకింది. తాత పోయాక పాసుబుక్కు మేనమామ చెంగయ్య పేరుతో వచ్చింది. మామ బేరం పెట్టాడు. ఒకనాడు కుప్పం నుంచి కారు వచ్చి గట్టున ఆగింది. మగవాళ్లు హద్దురాళ్లు చూసుకుంటూ పోతే, వాళ్లలోని ఒకామె ఎండకు తాళలేక అమ్మ కూర్చున్న చింతమాను నీడకు వచ్చింది. అమ్మ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. పక్కన గాబులోని నీళ్లతో ఆడుకుంటున్న స్వర్ణలతకు ఆ చెంబు ఇప్పటికీ కనిపిస్తుంది, దాన్నెత్తిన చేతికున్న రాళ్ల గాజులూ కనిపిస్తాయి. ముఖం మాత్రం ఎంత తడుముకున్నా అందదు. 'ఎవురిది ఈ చేను?' అని అడిగింది ఆమె. 'నాదేనమ్మా, మా నాయన ఇచ్చినాడు,' అంది అమ్మ. 'ఊ,' అని, మజ్జిగ పూర్తిగా తాగి, చెంబు గాబు దగ్గరికి తెచ్చి కడిగి బోర్లించి, పోయి కారెక్కింది. తర్వాత కంచె పడింది. కంచె ఇవతల నిలబడి అమ్మ ఏడవలేదు. చచ్చిపోయేదాకా ఒకటే మాట. "నీ మామ దొంగని నాకు సిన్నప్పట్నించి తెల్సు, ఆయప్పను ఏమనేది? తెలవక కొన్నోళ్ల మీద కూడా నాకు కోపం లేదు పాపా. ఆ యమ్మకు తెల్సు. నా సేతి మజ్జిగ తాగె, నాదని నా నోటితో యినె, సెంబు కడిగిపెట్టి పాయె. ఆ యమ్మ ఇంట్లో దీపం ఎట్ల ఎలుగుతాదో నేను సూడల్ల." అమ్మ చూడలేదు. ఇప్పుడు తువ్వాలులో చుట్టుకుని, సుత్తి పక్కన, చూడ్డానికే వచ్చినట్టు కూర్చుంది. ఇన్నేళ్లు అందని ఆ ముఖం స్వర్ణలతకు నిన్న రాత్రి అందింది, వంటింటి గూట్లోని అద్దంలో.

పడగొట్టనివ్వను, అనుకుంది. లోకేష్‌తో మెల్లగా చెబుతాను, ముసలామె, ఇంకెన్నాళ్లు, ఆమె ఉన్నన్నాళ్లు ఉండనిద్దాం అంటాను. వింటాడు. వినకపోతే? రేపు పొద్దున్నే బండి. వింటాడు. పోనీ ఇప్పుడే చెబితే? సంతకం ఇంకా పడలేదు, ఏమీ పాడైపోలేదు. లేచి పది అడుగులు వేసి, 'యేమయ్యా, ఒక మాట,' అంటే చాలు. లాయరు ఇక్కడే ఉన్నాడు, వేరే వాళ్ల పని మీద వచ్చి వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. కాళ్లు లేవలేదు. కాళ్లకు ఇల్లు కావాలి. చేతులకు ఆ గోడ కావాలి. 'మీ ఇల్లనుకుంటిరా?' అన్న ఆ గొంతు మీద ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ధన్‌మని మేకు కొట్టాలి. నెట్ రాకపోతే చాలు. ఈ రోజు గడిస్తే రేపు తను ధైర్యం తెచ్చుకుంటుంది, రేపు అన్నీ చెప్పేస్తుంది. దేవుడా, నువ్వు నెట్ ఒక్కటి ఆపు, మిగతాది నేను చూసుకుంటా. ఇలా దేవుడితో కూడా బేరమాడుతూనే ఉంది, అంతలో రోడ్డు మీద యంత్రం చప్పుడు ఆగింది. ఆగడంతో చెవులు గుయ్యిమన్నాయి. లోపల నుంచి ఎవరో, "వచ్చిందప్పా, వచ్చింది, రండి," అని కేకేశారు. జనమంతా ఒక్కసారి లేచారు. అందరికంటే ముందు హమీద్ లేచాడు.

లోపల చల్లగా ఉంది. హమీద్ ఫొటో, హమీద్ వేలిముద్ర. ఇరమ్ ఫొటో, ఇరమ్ వేలిముద్ర. ఆ అమ్మాయి తలెత్తి ఎవరినీ చూడలేదు. లోకేష్ నవ్వు ముఖంతో ఫొటో దిగాడు. తర్వాత స్వర్ణలత కుర్చీలో కూర్చుంది, సంచీ ఒళ్లోంచి దించలేదు. ఫొటో తీసే అతను సంచీ కిందపెట్టమన్నా దించలేదు. లాయరు మునిశేఖర్ ఆమె భుజం దగ్గరికి వంగి, ఎప్పటి అలవాటో, అందరినీ అడిగే మాటే అడిగాడు. "ఏమ్మా, ఏమన్నా అడగల్లన్నా, చెప్పల్లన్నా ఇప్పుడే. ఇంగ ఏలిముద్ర పడినాక నేను చేసేదేమీ లేదు." ఆమె గేటు వైపు చూసింది. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. రా తల్లీ, ఇప్పుడైనా రా, వచ్చి నువ్వే చెప్పు, అని మరియంను మనసులో పిలిచింది. పిలవకుండా వచ్చే కుటుంబం కాదు వాళ్లది, పిలుపు పైకి వినపడాలి. గేటు దగ్గర ఎవరూ లేరు.

"ఏం లేదు సార్," అంది. తన గొంతే. స్పష్టంగా, ఏ వణుకూ లేకుండా వచ్చింది. బొటనవేలు గాజుపలక మీద పెట్టింది, పచ్చ దీపం వెలిగింది.

వరండాలోకి రాగానే హమీద్ చెవుల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ముందు తలుపుది, వంటింటిది, పెరటి తలుపుది. ఆమె లెక్కపెట్టలేదు. "వెనక రూముది లేదు మేడమ్," అన్నాడు అతను, ఆమె తలకు పైన ఎక్కడో చూస్తూ. "యాడో పోయింది. బీగం పగలగొట్టేయండి. లోపల ఏముంటే అది పారేయండి."

"దానికేముందప్పా," అన్నాడు లోకేష్ పకపకా నవ్వుతూ. "మా ఇంటామె సుత్తి సంచీలోనే ఎత్తుకొచ్చింది."

హమీద్ నవ్వలేదు. కుప్పం బస్సుకు టైమైందని గబగబా మెట్లు దిగిపోయాడు, గేటు దాటి ఇంటి దారి వైపు కాకుండా రెండో వైపుకు తిరిగాడు. నిజం చెప్పాలంటే అతని మీద ఆమెకు కోపం రాలేదు. దొంగని మొదటి రోజే తెలుసు. ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతలే. లోకేష్ ముందు నడుస్తూ, మండీ వాళ్లకు ఫోన్లో, "అయిపోయిందిరా, ఇంగ మేమూ ఇంటోళ్లమే," అంటున్నాడు. ఆమె వెనక నడుస్తోంది. సంచీ బరువెక్కింది, లేక ఆమెకే అలా అనిపించింది. కొత్తగా కొన్న ఇంటికి పోతున్న దారిలో కాళ్లు ఇంత తేలికగా, ఇంత నమ్మకంగా పడుతున్నందుకు ఆమెకే భయమేసింది.

ముందు మెట్లు కడిగి ఉన్నాయి. ఇంకా తడి. మెట్ల మీద మరియం నిలబడి ఉంది, నల్ల అద్దాలు తీసేసి, ఉతికిన చీర కట్టుకుని, పళ్లెంలో రెండు గ్లాసులతో. ఎవరు చెప్పారో ఏమో, ఇవాళేనని తెలిసింది. వీళ్లను చూడగానే ముఖమంతా విప్పారింది. "వచ్చినారా అమ్మా! మెట్లు కడిగిపెట్టినా. చాయ్ తాగి ఎక్కండి, మంచిది," అంది.

లోకేష్ ఆగిపోయాడు. ఆమెను చూశాడు. ఆమె కొంగు చివర ముడిలో వేలాడుతున్న తాళం చెవిని చూశాడు. నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోగా పెళ్లాం వైపు తిరిగాడు. "ఎవురీమె? నీకు తెల్సునా?"

మరియం కూడా ఆమె వైపే చూస్తోంది, నవ్వుతూ, తన సంగతి తనకంటే బాగా ఈ పిల్లే చెబుతుందన్న నమ్మకంతో, పళ్లెం కాస్త ముందుకు చాపి.

"తెలీదు," అంది స్వర్ణలత. సంచీలో చెయ్యి పెట్టి, తువ్వాలు పక్కకు జరిపి, సుత్తి తీసి మొగుడి చేతికిచ్చింది.